పసుపు పుస్తకంలో తేదీ

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆ రోజూ మంగళవారమే. నవంబరు ఇరవై ఐదు. అన్ని మంగళవారాల్లాగే తెల్లారింది.

నాలుగున్నరకి లేచాను. తులసి ఆకుల మీద బొగ్గు నుసి పడి ఉంటే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచాను. రేవు గాలి ఇటు తిరిగిన రోజుల్లో అదొక పని. దీపం పెట్టి సహస్రనామం చదువుకున్నాను. రెండు ఇడ్లీలు తిన్నాను, రెండు డబ్బాలో పెట్టుకున్నాను. కంచరపాలెంలో ఏడుంబావు బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. టికెట్టు మడిచి వాచీ పట్టీ కింద పెట్టుకున్నాను.

నేను నర్సుగా పనిచేసే టీకా గది తాళం తీశాను. ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూసి రిజిస్టర్లో రాశాను: నాలుగు. ఎల్లో ఫీవర్ సూది మాకు మంగళ, శుక్రవారాల్లోనే. సీసాకి పదిమంది. ఒకసారి కలిపితే ఆ పూటే వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి. అందుకని పది పేర్లు చేరాకే సీసా తీస్తాం. ఆ రోజు ఎనిమిది మంది ఓడలవాళ్ళు, టాంజానియా వెళ్ళే టీచరమ్మ ఒకరు, పదోవాడు మా ఉదయ్.

నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా, మెళ్ళో అయ్యప్ప మాలతో వచ్చాడు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న తమ్ముడు. అక్కనైనా తల్లిలా నేనే పెంచాను. దీక్షలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. "రండి స్వామీ" అన్నాను. వాడికి నవ్వొచ్చింది. తెర వెనక స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"అప్పా, ఈ మందు కోడిగుడ్లో పెంచుతారంట గదా?"

"అవును స్వామీ."

"మరేటి సేద్దాం?"

మాల నా మొక్కు. ఓడ దొరక్క రెండేళ్ళు వాడు ఇంట్లో కూర్చున్నప్పుడు, దొరికితే నలభై ఒక్క రోజులు మాల వేయిస్తానని నేను మొక్కుకున్నాను. దొరికింది. వేశాడు. కంపెనీవాళ్ళు మూడు రోజుల్లో సూది పడినట్టు ముద్ర ఉన్న పసుపు పుస్తకం పంపమన్నారు. అది లేనిదే ఓడ ఎక్కనివ్వరు.

మందు సిరంజిలో ఉంది. సిరంజి నా చేతిలో ఉంది. దూదిలోకి వదిలేశాను.

రిజిస్టర్లో పదో పేరుకి ఎదురుగా టిక్కు పెట్టాను. పుస్తకంలో తేదీ వేసి ముద్ర కొట్టాను. పన్నెండింటికి అచ్యుతరామయ్య డాక్టరుగారు పది పుస్తకాల మీదా సంతకం పెట్టారు. ఆయన నా టిక్కులు చూసి పెడతారు.

వాయిదా వేశాను, అంతే. డిసెంబరు నెలాఖర్లో మాల తీశాక సూది వేద్దామనుకున్నాను. డిసెంబరు ఆరున, శనివారం, ఓడ ఎక్కమని కబురొచ్చింది. రోజులు నిండకపోయినా ఆదివారం ఇక్కడి గుళ్ళోనే మాల తీశాడు. సోమవారం భార్య నీలిమనీ కూతుర్నీ వదిలి విమానం ఎక్కాడు. ఇండోనేషియా నుంచి మన రేవులకి బొగ్గు తెచ్చే ఓడ. దోమకాటుతో వచ్చే ఆ జబ్బు లేని దేశాలు. ఇటు వచ్చినప్పుడు వేద్దామనుకున్నాను.

ఇవాళ ఇంటికి రాగానే ఫోన్లో వాడు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది.

"అప్పా, కొత్త ఆర్డరొచ్చింది. పద్దెనిమిదికి కాకినాడ వొచ్చీసి బియ్యం ఎత్తుకుంతాం. పది రోజులు లోడింగు. అక్కణ్ణుంచి ఆఫ్రికా. బెనిన్ దేశమంట. నీలిమకి సెప్పీసాను. గుంటకి బొమ్మ తెస్తానన్నాను."

బెనిన్ మా గది గోడ మీద పటంలో ఉంది. ఆ జబ్బున్న దేశాలకి ఎర్రరంగు వేసిన పటం.

రేపు డాక్టరుగారికి చెప్తాను.


ఫిబ్రవరి 4

ఆయన సెలవు.


ఫిబ్రవరి 5

ఆయన వచ్చారు. నాకు పని ఎక్కువైంది.


ఫిబ్రవరి 6, శుక్రవారం

పదిమంది చేరారు. సీసా కలిపే ముందు డాక్టరుగారు వచ్చి బల్ల మీద కూర్చుని కథ చెప్పారు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను. ఆయనది తణుకు వైపు ఊరు. మార్చి ముప్పై ఒకటిన రిటైరవుతారు. ఈ మధ్య కథ కొంచెం పొడుగు చేస్తున్నారు.

"ఈ పుస్తకం ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఎందుకుందో తెలుసాండీ? పద్దెనిమిది వందల యాభై ఒకటిలో పారిస్‌లో పన్నెండు దేశాలు కూర్చున్నాయండి. దేశానికో డాక్టరు, ఓ రాయబారి. కలరా ఓడలెక్కి వస్తోంది. ఎవరి రేవు వాళ్ళు మూసుకుంటున్నారు. ఓడని రోజుల తరబడి సముద్రంలోనే నిలబెట్టేస్తున్నారు. సరుకు కుళ్ళిపోతోంది, మనుషులు పోతున్నారు. ఆర్నెల్లు మాట్లాడుకుని ఏవీ తేల్చలేక ఎవరింటికి వాళ్ళు పోయారండి. మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ పోయారు. మొదటి ఒప్పందానికి నలభై ఏళ్ళు పట్టింది."

బెంచీ చివర కూర్చున్న ఓడ మనిషి అన్నాడు. "మా అన్నదమ్ముల గట్టు తగువుకి నలభై మూడు సారూ. ఇంకా తేల్నేదు."

అందరూ నవ్వారు. డాక్టరుగారూ నవ్వారు.

"మీ తగువులో కలరా లేదు కదండీ. ఉంటే తేలేది. సరే, తర్వాత పారిస్‌లో ఓ ఆఫీసు పెట్టారు. జెనీవాలో నానాజాతి సమితి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధమొచ్చి రెండూ పోయాయి. వాళ్ళు చేసిన పనిలో మనకి మిగిలింది ఒక అలవాటు. ఇక్కడ మన పైడితల్లిగారు ఓ తేదీ వేస్తే, ఆవిడ ముఖం ఎన్నడూ చూడని ఆఫీసరు ఎక్కడో రేవులో నమ్ముతాడు. ఓడ ఆగదు. అంతేనండి ఈ పుస్తకం."

నా పేరు ఎప్పుడూ చెప్తారు. నేను సీసా కలుపుతున్నాను. తల ఎత్తలేదు.

పదిమందికీ వేశాను. ప్రతి చెయ్యీ రెండుసార్లు చూశాను.

ఆయన వెళ్ళేముందు "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అన్నారు. ఉపవాసం అన్నాను. ఇవాళ నాకు ఉపవాసం లేదు.


ఫిబ్రవరి 8, ఆదివారం

కుసుమ, సన్యాసిరాజు వచ్చారు. కుసుమ నా తరువాతి చెల్లెలు. ఆనందపురం మార్కెట్లో పూలు అమ్ముతుంది. వాళ్ళాయన స్టీలు ప్లాంటులో. రెండు మూరల చామంతి తెచ్చింది. దేవుడికి పెట్టి, వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాను.

"ఓలప్పా! నువ్వా?" అంది కుసుమ. "ఇంకెవులైనా సేసారంటే నమ్ముదును."

సన్యాసిరాజుకి ముందు నవ్వే వస్తుంది, ఏ సంగతికైనా.

"మా ప్లాంటులో హెల్మెట్ నేకపోతే గేటు దాటనివ్వరొదినా. నువ్వు బావకి హెల్మెట్ బొమ్మ గీసి ఇచ్చీసినావు."

"నువ్వూరుకో" అంది కుసుమ.

"ఊరుకోడానికేటుంది, పని సూడాల గానీ. వదినా, ఓ సీసా ఫ్లాస్కులో ఎట్టీ. నా కారుంది. కాకినాడ ఎల్దాం. ఓడ కాడికి లాంచీలెల్తాయి. ఓ పోటు పొడిచీసి మద్యాన్నానికి వొచ్చీద్దాం. కాగితం ఎలాగూ ఉన్నాది. మందూ పడిపోద్ది. ఎవులికి తెలుస్తాది?"

"రిజిస్టర్లో సీసాలు లెక్కుంటాయి" అన్నాను.

"పగిలిపోయిందని రాయి. పగలవేటి?"

కుసుమ నా వంక చూసింది. కాదని నేను వెంటనే అనలేదు. అది వాళ్ళిద్దరూ చూశారు.

"ఇప్పుడు కుడతాదా ఏటి దోమ? ఎల్లుండికి ఆలోసిద్దాంలే" అన్నాడు సన్యాసిరాజు. కారప్పూస తిని వెళ్ళారు.

నేను ఆలోచించలేదు.


ఫిబ్రవరి 9

ఫ్లాస్కు కడిగి ఎండలో పెట్టాను.


ఫిబ్రవరి 10, మంగళవారం

ఎనిమిది మందే వచ్చారు. సీసా తీయలేదు. శుక్రవారం రమ్మని పంపించాను. గది ఖాళీ అయింది. ఫ్లాస్కు నా సంచిలో ఉంది, ఐసు కూడా పెట్టుకున్నాను.

ఫ్రిజ్ తీసి సీసా చేతిలోకి తీసుకున్నాను. రిజిస్టర్ తెరిచాను. "పగిలినది" అని రాయాలి. "ప" రాశాను. ఆగిపోయాను. ఒక సీసా అంటే పదిమంది. ఒక్క చేతికి పది చేతుల మందు. సీసా లోపల పెట్టి తలుపు వేశాను. రాసిన అక్షరం కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాను. కొట్టివేతకి సంతకం పెట్టాలి, అది రూలు. రూళ్ళన్నీ నాకు తెలుసు.

మొదటి రోజు రాసినదాంట్లో ఒక మనిషిని వదిలేశాను.

ఆ నవంబరు మంగళవారం పదకొండింటికి ఇంకొకతను వచ్చాడు. వరహాలు. తగరపువలస మనిషి, వంటవాడు. కెన్యాలో హోటలు పని దొరికిందట. తెర అవతల నిలబడి అడిగాడు.

"తల్లీ, ఇవాళ ఏయించుకుంటేనే పది రోజులు నిండుతాయి. శుక్రవారమైతే నా పయానానికి చాలదు. ఒక్క చుక్కయినా నేదా తల్లీ?"

సూది వేసిన పదో రోజు నుంచే పుస్తకం చెల్లుతుంది. అతని లెక్క సరైందే.

"సీసా అయిపోయింది బాబూ" అన్నాను.

అప్పటికి మందు ఇంకా సిరంజిలోనే ఉంది. అతని చేతికి వెయ్యొచ్చు. వేస్తే టిక్కు అతని పేరు మీద పడేది. ఉదయ్ పుస్తకం ఖాళీగా ఉండేది.

అతను వెళ్ళిన చెప్పుల చప్పుడు విన్నాకనే దూదిలోకి వదిలాను.

ఇవాళ సాయంత్రం దీపం పెట్టాను. ఏమీ చదవలేదు.


ఫిబ్రవరి 11

పేర్ల కాగితంలో వరహాలు నంబరుంది. భోజనాల వేళ ఫోన్ చేశాను. వెనకాల గిన్నెల చప్పుడు.

"ఆ పిలుపు పోనాదమ్మా. వేరేవోణ్ణి ఎట్టుకున్నారు. ఇప్పుడు ద్వారకా నగర్‌లో కోచింగు పిల్లల మెస్సులో వొండుతన్నాను. రెండొందల మందికి. ఎందుకమ్మా? సీసా వొచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

"ఇప్పుడెందుకులెండి" అని నవ్వాడు.


ఫిబ్రవరి 13, శుక్రవారం

పదకొండు మంది వచ్చారు. పదకొండోవాడికి నేనే కాఫీ తెప్పించి ఇచ్చాను. అతను ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం కుసుమ ఫోన్ చేసింది. ఉదయ్‌కి మాల వేసిన గురుస్వామి ఆనందపురంలో పూలు కొనడానికి వచ్చారట. అడిగేసిందట.

"ఆయనేటన్నారో తెలుసా అప్పా? 'మందుకి దోసమేటమ్మా? మాలలో ఉన్నోడికి జొరమొస్తే మాత్ర ఇవ్వమా? నన్నడిగుంటే అప్పుడే సెప్పీవోణ్ణి' అన్నారు. నువ్వెందుకు అడగనేదప్పా?"

"తోచలేదు" అన్నాను.

తోచింది. ఆ ఉదయం సిరంజి పట్టుకుని ఉన్నప్పుడే తోచింది. ఫోన్ జేబులో ఉంది. రెండు నిమిషాల పని. కానీ ఇంట్లో నియమాలు చెప్పేది నేను. కుసుమ పెళ్ళికి, నాన్న కర్మకి, ఉదయ్ కూతురి అన్నప్రాశనకి, ఏది కూడునో ఏది కూడదో అందరూ నన్ను అడుగుతారు. నేను ఒకరిని అడగడం ఏమిటనుకున్నాను.

ఇది రాయడానికి పది రోజులు పట్టింది.


ఫిబ్రవరి 15, ఆదివారం. శివరాత్రి

ఉపవాసం. ఇవాళ నిజంగానే.

మధ్యాహ్నం ఉదయ్ ఫోన్ చేశాడు. ఓడ వైఫై, గొంతు తెగి తెగి వస్తోంది.

"ఉపాసమేటప్పా? మంచినీలైనా తాగుతన్నావా?"

"తాగుతన్నాన్లే. నువ్వు తిన్నావా?"

"తిన్నాను. అప్పా, ఓ మాట. మా ఇంజన్ గదిలో ఫిట్టరున్నాడు, రోహిత్. ఆడి పసుపు పుస్తకం తడిసి ముద్దయిపోనాది. ఆఫ్రికా కదా, కెప్టెన్ కావాలంతన్నాడు. మా అప్పకి సెప్తే ఇచ్చీస్తాదన్నాను. పాత తేదీ ఒకటి ఏసీయప్పా. ఆడికి సూదంటే బయం కూడాను."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"నాను ఇచ్చీస్తానని ఎవులు సెప్పారు?"

"నానే. మా అప్ప సూది నేకుండానే ఇచ్చీసిందని మెస్సులో అందరికీ సెప్పాను. ఒకటే నవ్వు."

"ఉదయ్, విను. కాకినాడ రాగానే నువ్వు దిగి ఇక్కడికి రావాల. సూది ఏయించుకోవాల. డాక్టరుగారికి నాను సెప్పీస్తాను."

లైను తెగిందనుకున్నాను.

"నీకేటైనా మతిపోనాదా? దిగాలంటే కెప్టెన్‌కి కారణం సెప్పాల. దొంగ పుస్తకమని తెలిస్తే అక్కడే దింపీస్తారు. ఇంకే కంపెనీ తీసుకోదు. రెండేళ్ళు ఇంట్లో కూకున్నాను, నువ్వు సూడనేదా? నీలిమ నా ముకం సూసీది కాదు."

"జబ్బొస్తే?"

"ఓడ దిగనప్పా. కేబిన్లోనే ఉంటాను. దోమ ఓడెక్కి వొస్తాదా నాకోసం?"

"వొస్తాది" అన్నాను. "అలాగే కదా మొదట్నుంచీ ఊళ్ళు దాటింది."

"ఇన్నాళ్ళూ నాకోసం సేసావనుకున్నాను" అన్నాడు. "నీ మొక్కు కోసం సేసావు. ఇప్పుడు నీ మనసు కోసం సెప్తానంతన్నావు. మద్దిన నానెక్కడున్నాను?"

పెట్టేశాడు.

గుడికి వెళ్ళాను. లైన్లో రెండు గంటలు నిలబడ్డాను. స్వామి ముందుకి వచ్చేసరికి అడగడానికి ఏమీ లేదు. దండం పెట్టుకుని వచ్చేశాను.


ఫిబ్రవరి 16

ఆ దోమ మన ఊళ్ళోనూ ఉంది. ఆ జబ్బే లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, ఈ పసుపు పుస్తకాల వల్లే.


ఫిబ్రవరి 17, మంగళవారం

చెప్పేశాను.

ఒంటిగంటకి ఆయన డబ్బా తెరుస్తున్నారు. తినే వేళ చెప్పకూడదని బయట నిలబడ్డాను. తిని చెయ్యి కడుక్కున్నాక లోపలికి వెళ్ళాను. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. తేదీ, పేరు, పుస్తకం నంబరు. మాల సంగతి చివర్న చెప్పాను. సాకులా వినిపించింది.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మందేం చేశారు?"

మొదట అడిగింది అదే. వరహాలు సంగతి కూడా చెప్పాను.

"ఇరవై రెండేళ్ళు మీ టిక్కు చూసి సంతకం పెట్టానమ్మా."

"అవునండి."

"చేతులు చూడాల్సింది నేను. చూడలేదు. బయట కూర్చుని కథలు చెప్పాను."

అలా అంటారని అనుకోలేదు. తిడితే బాగుండేది.

"శుక్రవారం మీ తమ్ముణ్ణి తీసుకురండి. ఆ సూది నేనే వేస్తాను. కొత్త తేదీ వేస్తాం. బెనిన్ చేరేసరికి నెల పడుతుంది, పది రోజులు ఎప్పుడో దాటతాయి. దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బంది పాత తేదీతో. దాని మీద నా పేరుంది. అది రద్దు చెయ్యమని పైకి రాయాలి, ఓడ కంపెనీకీ రాయాలి."

"రిటైరయ్యే ముందు మీకు..."

"అది నేను చూసుకుంటాను. కాగితం మీరిస్తారా, నన్ను రాయమంటారా? నేను రాస్తే నాకు తెలిసినంతే రాస్తాను. ఎల్లుండి పొద్దున్న వరకూ ఆగుతాను. ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి. మీ ఒక్కరిదీ కాదు కదా."

తలుపు దాకా వచ్చాక పిలిచారు.

"పైడితల్లిగారూ, దోషం మందుకి లేదమ్మా."

"తెలిసిందండి" అన్నాను.


ఫిబ్రవరి 18, బుధవారం

తెల్లవారుజామున ఓడ కాకినాడ బయట లంగరేసింది. నీలిమకి మెసేజ్ వచ్చింది. నాకు రాలేదు.

సాయంత్రం ఐదున్నరకి గాజువాకలో నీలిమ ఇంట్లో కూర్చున్నాం. నేను, కుసుమ, సన్యాసిరాజు. నీలిమకి అన్నీ కుసుమ ముందే చెప్పేసింది. పిల్లని పక్కింటికి పంపింది. ఉతికిన బట్టలు కుప్పగా వేసుకుని మడతపెడుతోంది. నా ముఖం చూడలేదు. టీ మాత్రం నాకే ముందు ఇచ్చింది. ఫోన్ స్పీకర్లో పెట్టి బట్టల పక్కన ఉంచింది. ఉదయ్ వింటున్నాడు. వెనకాల క్రేన్ల మోత.

డాక్టరుగారు అన్నదంతా చెప్పాను. సన్యాసిరాజు ఈసారి నవ్వలేదు.

"వదినా, కాగితం రాయి. రాయొద్దన్ను. 'పొరపాటున టిక్కు పడింది' అని రాయి. పదిమందిలో ఓ టిక్కు. ఎవులికి పడదు? నీ ఉద్యోగం ఉంటాది. ఆడిదీ ఉంటాది. డాక్టరుగారికీ మాట రాదు."

"అవునప్పా" అంది కుసుమ. "అబద్దం కాదు గదా. పొరపాటే గదా సేసావు."

ఒక్క క్షణం అది నాకు నచ్చింది. ఇక్కడ రాసుకోవాలి. నచ్చింది.

"అలాగే రాయప్పా" అని ఫోన్లోంచి ఉదయ్. "నాకు తెలీదంతాను."

నీలిమ మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది.

"ఏటి తెల్దు మీకు? సెయ్యి మీదే గదా. సూది పడిందో నేదో సెయ్యికి తెల్దా?"

సన్యాసిరాజు వంక చూసింది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను. ఆ దేశంలో ఈయనకి జొరమొచ్చిందనుకో. ఆస్పత్రికి తీసుకెల్తారు. డాక్టర్లు ఏటి సూస్తారు? పుస్తకం సూస్తారు. 'ఈడికి సూది పడింది, ఇది ఆ జొరం కాదు' అని ఇంకేదో మందేస్తారు. అప్పుడెవులు సెప్తారు? ఇక్కణ్ణుంచి నువ్వరుస్తావా? వదిన అరుస్తాదా?" నా వైపు తిరిగింది. "అలాగ జరగదని సెప్పొదినా. నువ్వు నర్సువి. సెప్పు, నమ్ముతాను."

"సెప్పలేను" అన్నాను. "అలాగే జరుగుతాది."

ఇన్ని రోజుల్లో అది నాకు తట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఆ పుస్తకాల మీద ముద్ర కొట్టాను.

"ఉద్యోగం పోతే పోనాది" అంది నీలిమ. "మల్లీ కూకోండి ఇంట్లో. ముకం సూస్తాను."

సన్యాసిరాజు "బావా, ఉన్నావా?" అన్నాడు. 

"ఉన్నాను. అప్పా, రాసీసావా?" 

రాసే తెచ్చాను. సంచిలో ఉంది.

"సదువు."

చదివాను. ఎనిమిది వాక్యాలు. తెలిసే రాశాననీ, మందు దూదిలోకి వదిలేశాననీ, తగరపువలస వరహాలుని అబద్ధం చెప్పి పంపేశాననీ, డాక్టరుగారికి తెలియదనీ. నా గొంతు బాగానే ఉంది. కుసుమ ఏడ్చింది.

"అందులో నా సంగతి నేదేటి?" అన్నాడు ఉదయ్.

"నీ పేరుంది."

"పేరు కాదప్పా. ఆ వేళ 'ఏటి సేద్దాం' అన్నాక నువ్వు సెయ్యి మీద దూది రాసీసావు, సూది దగ్గరకొచ్చింది. నానే సెయ్యి ఎనక్కి తీసీసుకున్నాను. 'వొద్దప్పా' అన్నాను. అది రాయనేదు."

నిజం. ఈ డైరీలో కూడా రాయలేదు.

"అది అక్కర్లేదు" అన్నాను. "పెద్దదాన్ని, నర్సుని, వొద్దన్నా ఏయాల్సింది నాను."

"రాయి. నేకపోతే కెప్టెన్ ముందు నా మాట ఒకటి, నీ కాగితం ఒకటి అవుతాయి."

నేను కాదన్నాను. నీలిమ ఉండాలంది. కుసుమ ఉండాలంది. సన్యాసిరాజు, "వదినా, ఈ ఒక్కసారి మా మాట ఇను" అన్నాడు.

తేలినవి ఇవి. పొరపాటు అనే మాట కాగితంలో ఉండదు. రేపు పొద్దున్న నేనే తీసుకెళ్ళి డాక్టరుగారికి ఇస్తాను. సెలవు పెట్టమంటే పెడతాను, విచారణంటే వెళ్తాను. ఉదయ్ ఈ రాత్రి భోజనాల ముందే కెప్టెన్‌కి చెప్తాడు, ఓడ మెస్సులో నవ్విన వాళ్ళకీ చెప్తాడు. దింపేస్తే దిగుతాడు, దింపకపోయినా శుక్రవారం సూదికి వస్తాడు. సన్యాసిరాజు శుక్రవారం తెల్లారకుండా కారు తీసుకుని కాకినాడ వెళ్తాడు. రోహిత్‌ని కూడా ఎక్కించుకొస్తాడు. భయమంటే చెయ్యి తను పట్టుకుంటానన్నాడు. వరహాలుకి నిజం చెప్పడానికి ద్వారకా నగర్ మెస్సుకి నాతో కుసుమ వస్తానంది. వద్దన్నాను, ఒక్కదాన్నే వెళ్తాను. అదీ ఒప్పుకున్నారు. పిల్ల బడి మానదు, ఏం జరిగినా. అది నీలిమ చెప్పింది, ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఉదయ్ వాక్యం వాడు చెప్తుంటే నీలిమ రాసింది: "సూది వద్దని చెయ్యి వెనక్కి తీసుకున్నది నేను." నా ఎనిమిది వాక్యాల కింద తొమ్మిదోది. శుక్రవారం వచ్చి సంతకం పెడతాడు. అప్పటివరకూ దాని ఎదురుగా చోటు వదిలాం.

మొదటి సంతకం పెద్దదాన్ని గనక నాది. నీలిమ ఇంట్లోనే, ఏడు గంటలకి పెట్టాను. ఇవాళ్టి తేదీ వేశాను.